ఎర్ర కిటికీ రాని కౌంటరు

మంగళవారం పొద్దున్నుంచీ నిమియా ఒవెలార్ ఒకే మందుచీటీని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూనే ఉంది. రోగికి పెన్సిలిన్ పడదు. చీటీలో అదే జాతి మందు అమోక్సిసిలిన్ ఉంది. ఎక్కించిన ప్రతిసారీ తెర మధ్యలో ఎర్ర కిటికీ తెరుచుకుని, ఈ మందు ఈ రోగికి ఇవ్వకూడదని చెబుతోంది. అది చెప్పిన ప్రతిసారీ ఆమెకు కోపం పెరుగుతోంది.

ఆస్పత్రి అత్యవసర విభాగం కౌంటరులో ఇదే మందు ఇలాంటి రోగికే ఏ కిటికీ అడ్డం రాకుండా చేతికి అందింది. అతని పేరు ఎలీహియో వేరా, తాపీ పనివాడు. వేలు తెగి వచ్చాడు. కుట్లు వేసి చీటీ రాసిచ్చారు. మందు మింగి వరండా దాటకముందే మెడ ఉబ్బి, ఊపిరాడక పడిపోయాడు. బతికాడు గానీ గొంతులో గొట్టంతో ఇంకా వార్డులోనే ఉన్నాడు. అతనికి పెన్సిలిన్ పడదన్న సంగతి ఆస్పత్రి కంప్యూటర్‌లో కొన్నేళ్ల కిందటే నమోదై ఉంది.

మందు ఇచ్చిన మనిషి ఫిదేలినా హిమేనెస్. ఇరవై రెండేళ్లుగా ఆ ఆస్పత్రి మందుల విభాగంలోనే ఉంది. ఎర్ర కిటికీ వచ్చాక 'అయినా ఇస్తాను' అన్న మీట నొక్కితే తప్ప సాఫ్ట్‌వేర్ ముందుకు పోదు. కాబట్టి ఆమె చదవకుండా నొక్కేసిందని ఆస్పత్రి తేల్చింది. అసలు కిటికీయే రాలేదని ఆమె అంటోంది. శుక్రవారం విచారణ. తప్పు ఆమెదేనని రాస్తే ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది, అసున్సియోన్ నగరంలో ఏ మందుల కొట్టూ ఆమెను గుమ్మం ఎక్కనివ్వదు.

ఆ సాఫ్ట్‌వేర్ నిమియా పనిచేసే కంపెనీది. అందులో లోపం లేదని సంతకం చేయాల్సింది నిమియా. ఒప్పందంలో బాధ్యురాలైన ఇంజినీరుగా ఉన్నది ఆమె పేరే. కాగితం అప్పటికే సిద్ధంగా ఉంది. దాన్ని రాసింది మాత్రం ఆమె కాదు.

"ఏమ్మా నిమియా, ఇంకా సంతకం పెట్టలేదా?" యజమాని అవురెలియో బెన్సా ఆమె కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు.

"చూస్తున్నా, దోన్ అవురెలియో."

"ఏం చూస్తావు? కిటికీ వస్తోందా, లేదా?"

"వస్తోంది."

"మరి? వస్తోందని రాసి ఉంది, సంతకం పెట్టు. సోమవారం విచారణ జరిపే ఆ లాయరమ్మ ముందు కూడా వచ్చింది. నా వేలితో నేనే నొక్కి చూపించా."

"ఫిదేలినా 'అయినా ఇస్తాను' అని నొక్కితే ఆ నొక్కుడు రికార్డులో పడాలి కదా. ఏదీ?"

"ఆస్పత్రి నెట్‌వర్క్ సంగతి నీకు తెలీదా? వానొస్తే పోతుంది, గాలొస్తే పోతుంది."

"ఆ రోజు వానా లేదు, గాలీ లేదు."

"అయితే ఎలకలు కొరికాయి. సంతకం పెట్టు తల్లీ."

ఆఫీసులో నిమియాకు 'ఉత్తరపు గాలి' అని పేరు. ఉత్తరం నుంచి వేడిగాలి వీచిన రోజున మా ఊళ్లో తలనొప్పులు మొదలవుతాయి, ఆలుమగలు కొట్టుకుంటారు, బస్సు డ్రైవర్లు బ్రేకు మీద నిలబడతారు. ఆమెకు నలభై మూడేళ్లు. పగలు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతూ సాయంత్రం తరగతుల్లో ఇంజినీరింగ్ చదివింది. మూడో డివిజన్ ఫుట్‌బాల్ రెఫరీని పెళ్లాడి ఆరేళ్లు కాపురం చేసి వదిలేసింది. "ఇంట్లో కూడా పసుపు కార్డులే ఇచ్చేవాడు, ఎర్ర కార్డు నేనిచ్చా" అంటుంది ఎవరైనా అడిగితే. ఇప్పుడు శాన్ లొరెంసోలో మేనత్తతో ఉంటోంది. ఆమెను ఇష్టపడేవాళ్లు తక్కువ. ఏదైనా పని చెయ్యకపోతే మాత్రం అందరూ ముందు ఆమె దగ్గరికే పోతారు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయే బస్సెక్కి, తన స్టాపులో దిగకుండా కాపియతా దాకా పోయింది.

అక్కడ ఫిదేలినా తన ఇంటి వసారాలో తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది.

"శుక్రవారానికా, న్యా ఫిదేలినా?" పెద్ద వయసు మగవాళ్లను 'దోన్' అన్నట్టే, ఆడవాళ్లను 'దోన్యా' అనో, పొట్టిగా 'న్యా' అనో పిలవడం మర్యాద.

"శుక్రవారానికే. గెంటేస్తే గెంటేశారు. నలిగిన కోటుతో గెంటించుకోను." ఫిదేలినా తలెత్తలేదు. "కంపెనీ పంపిందా, నువ్వే వచ్చావా?"

"నేనే వచ్చా."

"అయితే కూర్చో. మాండియోకా దుంప ఉడికింది, తింటావా?"

"ముందు చెప్పండి. ఆ రోజు కిటికీ వచ్చిందా?"

ఫిదేలినా ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఇంజినీరమ్మా, ఆ కిటికీ గురించి నాకు నేర్పిందెవరు?"

"నేనే."

"ఏమని నేర్పావు?"

"చదవకుండా నొక్కొద్దని."

"నొక్కితే?"

"చెయ్యి విరగ్గొడతానన్నా."

"ఇదిగో చెయ్యి. విరగ్గొట్టాల్సి వస్తే నేనే చెప్పేదాన్ని." చేతిని ఇస్త్రీబల్ల మీద చాపి, మళ్లీ తీసుకుంది. "రాలేదమ్మా. ఆ ఒక్కరోజే కాదు, చలికాలం నుంచీ ఆ కౌంటరులో రావడం లేదు. పెద్ద కౌంటరులో కూర్చోబెడితే వస్తుంది. అత్యవసరానికి మారిస్తే రాదు. మా హెడ్‌కి చెప్పా కూడా."

"ఏమన్నాడు?"

"'చలికి అలర్జీ ఉన్నవాళ్లు బయటికి రావడం లేదేమో' అన్నాడు. పెద్ద చదువు చదివాడు మరి."

నిమియాకు నవ్వు రాలేదు. "లాయరమ్మకు చెప్పారా?"

"చెప్పా. 'దోన్యా, యంత్రం అబద్ధం చెప్పదు' అంది. అంటే నేను చెబుతానని." ఫిదేలినా కోటు కాలరు తిరగేసి మళ్లీ ఇస్త్రీ మొదలుపెట్టింది. "ఆ తాపీమేస్త్రీ భార్య వార్డు బయట నన్ను చూసి ఉమ్మింది. ఆమెనేమీ అనను. నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఉమ్మాల్సిన మొహం నాది కాదు. ఎవరిదో నువ్వు వెతుకు."

బుధవారం నిమియా వెతికింది.

ఆ సాఫ్ట్‌వేర్ జావాలో రాసింది. ఏ పనైనా జరిగే ముందు దారిలో ఆపి చూసే కోడ్ ముక్కలు అందులో ఉంటాయి. వాటి అసలు పేరు ఇంటర్‌సెప్టర్లు. ఆఫీసులో అందరూ వాటిని కాపలావాళ్లు అంటారు. మందు ఇవ్వడం ఒక గదిలో జరిగే పని అనుకుంటే, గది గుమ్మంలో ముగ్గురు కాపలావాళ్లుంటారు. ఒకడు ఎవరొచ్చి ఏం చేశారో రాసుకుంటాడు. ఒకడు గోదాములో నిల్వ సరిచూస్తాడు. మూడోవాడు రోగికి ఆ మందు పడుతుందో లేదో చూసి, పడకపోతే ఎర్ర కిటికీ తెరుస్తాడు. ఈ ముగ్గురినీ ఏ గదికి ఆ గది విడిగా పెట్టలేదు. అన్ని గదులకూ వర్తించేలా ఒకేచోట ఒకే ఆజ్ఞగా రాశారు. రేపు కొత్త గది కట్టినా కాపలా దానంతటదే వచ్చి నిలబడుతుంది. ఆ ఏర్పాటు చేసింది నిమియాయే.

కాపలావాడు ఒక్కొక్కడూ తన పని అయ్యాక లోపలి పుస్తకంలో ఒక వరస రాసిపోతాడు. మంగళవారమంతా ఆమె కిటికీనే చూసింది, వరసలు చూడలేదు. బుధవారం చూసింది. అత్యవసర కౌంటరు గది దగ్గర, తన ఆఫీసు సర్వర్‌లోనే, ఒకే ఒక వరస ఉంది. అది అలర్జీ కాపలావాడిది. రాసుకునేవాడూ లేడు, నిల్వ చూసేవాడూ లేడు.

కిటికీ వస్తోంది కాబట్టి అంతా బాగుందని తాను కూడా అనుకున్నందుకు ఆమె టేబుల్ మీద అరచేత్తో కొట్టింది. పక్క టేబుల్ మీది గ్లాసు కదిలింది.

గది కోడ్ తెరిస్తే పైనే కనబడింది, ఒక్క వరస గుర్తు. అందరికీ పెట్టిన కాపలా ఈ గదికి వర్తించదు అని దాని అర్థం. దాంతో ఒక్కడిని మాత్రమే పంపించే వీలు లేదు. అది పెడితే ముగ్గురూ లేచిపోతారు. మిగతా ఇద్దరు కావాలనుకుంటే వాళ్లను మళ్లీ పేరుపేరునా పిలిచి ఆ గుమ్మంలో నిలబెట్టాలి. ఎవరూ పిలవలేదు. ఆ గుర్తు పెట్టింది ఆఫీసులో తోటి ప్రోగ్రామరు విల్ఫ్రిదో అయాలా. అది పెట్టిన చలికాలం వారంలో నిమియా ఎన్‌కర్నాసియోన్‌లో వేరే ఆస్పత్రికి శిక్షణ ఇస్తోంది. మార్పు పక్కన విల్ఫ్రిదో రాసుకున్న కారణం రెండే మాటలు: బంతిలో ఒప్పుకున్నాం.

బంతి అంటే తెరెరె బంతి. రోజూ పదింటికి ఆఫీసు వాళ్లంతా వెనక వరండాలో కుర్చీలు గుండ్రంగా వేసుకుంటారు. ఒక కొమ్ము గ్లాసు, అందులో తేయాకులాంటి యెర్బా ఆకు, ఒకే లోహపు గొట్టం, దంచిన మూలికలు కలిపిన మంచునీళ్ల ఫ్లాస్కు. ఒకడు పోసి అందిస్తాడు, తాగినవాడు తిరిగి ఇస్తాడు, తర్వాతివాడికి పోస్తాడు. ఆ కంపెనీలో పెద్ద నిర్ణయాలు మీటింగుల్లో జరగవు, అక్కడే జరుగుతాయి. బంతిలో ఒప్పుకున్నదాన్ని మళ్లీ ఎవరూ ఒంటరిగా తిరగతోడరు. పోసేది ఎప్పుడూ విల్ఫ్రిదోయే. అతని తల్లి పుదీనా, నిమ్మగడ్డి కట్టలు కట్టి పంపుతుంది.

ఇంకొకటి మిగిలింది. గుర్తు ఉన్నాక ఆఫీసు సర్వర్‌లో కూడా కిటికీ రాకూడదు కదా, ఎందుకొస్తోంది? మధ్యాహ్నం దాకా తవ్వితే దొరికింది. కోడ్ రెండుచోట్లా ఒకటే. దాంతోపాటు పోయే అమరిక ఫైళ్లు రెండు. ఆఫీసు ఫైలులో ఒక వరస అదనంగా ఉంది, ఈ గదికి అలర్జీ కాపలావాడిని పెట్టమని. ఆస్పత్రికి పోయే ఫైలులో అది లేదు. ఆ వరస చేర్చిన తేదీ ఆస్పత్రి డైరెక్టర్లకు కంపెనీ ప్రదర్శన ఇచ్చిన రోజుకు ముందురోజు.

అంటే కిటికీ రావడం లేదని కంపెనీకి తెలుసు. చూడవచ్చిన పెద్దమనుషులకు వస్తే చాలనుకుని, వాళ్లు చూసే చోట మాత్రం పెట్టారు.

గురువారం పదింటికి అందరూ వరండాలో కూర్చున్నాక నిమియా తన కుర్చీ లాక్కుంది.

"విల్ఫ్రిదో, అత్యవసర గది మీద ఆ గుర్తు నువ్వే కదా పెట్టింది?"

విల్ఫ్రిదో ఫ్లాస్కు మూత తిప్పుతూ ఆగాడు. "అబ్బ నిమియా, ఆ నిల్వ చూసేవాడు ఎంత నిదానమో నీకు తెలుసు. జనం కౌంటరు అద్దం మీద గుద్దుతున్నారని ఆస్పత్రి నుంచి రోజూ ఫోను. వాడొక్కడే పోతాడనుకున్నా."

"అనుకున్నావు. సరే, మనిషివి. మరి ప్రదర్శన ముందురోజు కిటికీ రాలేదని చూశావే, అప్పుడేమనుకున్నావు?"

విల్ఫ్రిదో యజమాని వైపు చూశాడు.

"ఆయన్ని కాదు, నన్ను చూడు."

"ఆస్పత్రిలో తర్వాత పెడదామన్నారు."

"ఎవరన్నారు?"

"బంతిలో అనుకున్నాం."

"బంతి అంటే ఎవరు? ఈ కొమ్ము గ్లాసా?"

ఎవరో కిసుక్కుమని, మళ్లీ నోరు మూసుకున్నారు. అవురెలియో కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇప్పుడేమైందని, నిమియా? తెలిసింది, బాగు చేద్దాం. సాయంత్రం ఆరింటికి జనం పల్చబడ్డాక విల్ఫ్రిదో ఆ వరస ఆస్పత్రిలో పెట్టేస్తాడు. రేపు విచారణలో ఎవరు ఎక్కడ నొక్కినా కిటికీ వస్తుంది. రోగులకూ మంచిది, మనకూ మంచిది."

"ఫిదేలినాకు?"

"ఆమెకు వయసు అయిపోవచ్చింది కదా."

"యాభై ఒకటి. మీకంటే తొమ్మిదేళ్లు చిన్న."

"ఏదో ఒక దారి చూస్తార్లేమ్మా. ఆ కాంట్రాక్టు పోతే ఇక్కడున్న వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగదు. నీ ఇంట్లో కూడా."

"ఒకడి గొంతులో గొట్టం ఉంది దోన్ అవురెలియో. మీరు పొయ్యి సంగతి చెబుతున్నారు."

విల్ఫ్రిదో మొదటి గ్లాసు నింపి ఆమెకే అందించాడు. నిమియా గ్లాసు వైపు చూసింది.

"గ్రాసియాస్" అంది.

తెరెరె తీసుకుంటూ ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు. ఆ మాట అన్నారంటే, నాకు చాలు, ఇక నాకు పోయొద్దు అని. కడుపు నిండాక చివర్లో అంటే మర్యాద. గొట్టం పెదవికి తగలకముందే అంటే, వడ్డించిన విస్తరి ముందు నుంచి మెతుకు ముట్టకుండా లేచిపోయినట్టు. పదేళ్లలో ఆ వరండాలో ఎవరూ అలా అనలేదు.

ఆమె సంచీ తీసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు అవురెలియో.

"ఆస్పత్రికి."

"ఆ సంతకం?"

"చేస్తా. వేరే కాగితం మీద."

విచారణ జరిపేది పెర్లా ఇన్సౌర్రాల్దె అనే లాయరు. మా దగ్గర డాక్టరమ్మలనే కాదు, ఆడ లాయర్లను కూడా దొక్తొరా అంటారు. పై అంతస్తు గదిలో ఏసీ కింద ఆమె బల్ల మీద విచారణ కాగితాలు కట్టలు కట్టి ఉన్నాయి.

"రేపు పొద్దున పెట్టుకున్నాం కదా. ఇవాళేం చూపిస్తావు?"

"సోమవారం మీరు చూసింది మా ఆఫీసు సర్వర్, దొక్తొరా. మీ కౌంటరు కాదు."

"రెండూ ఒకటేనన్నారు."

"కోడ్ ఒకటే. కాపలా వేరు."

"నేను లాయర్ని. నాకు అర్థమయ్యేలా చెప్పు."

"అర్థం చేసుకోనక్కర్లేదు. మెట్లు దిగి వచ్చి చూస్తే చాలు. సాయంత్రమైతే చూడ్డానికి ఏమీ మిగలదు."

దొక్తొరా కళ్లజోడు తీసి, ఆమె మొహం వైపు చూసింది. తర్వాత లేచింది.

కింద అత్యవసర కౌంటరు ముందు వరస వరండా మలుపు దాకా ఉంది. ఫిదేలినా స్థానంలో కూర్చున్న మనిషి పక్కకు జరిగాడు. శిక్షణ కోసం కంప్యూటర్‌లో లేని రోగి ఒకడిని పెట్టి ఉంచారు. ఇంటిపేరు పరీక్ష, పేరు పరీక్ష, పెన్సిలిన్ పడదు. నిమియా అతనికి అమోక్సిసిలిన్ ఎక్కించింది. తెర మీద ఏమీ రాలేదు. పక్కనున్న చిన్న ప్రింటరు గరగరలాడుతూ మందు ఇవ్వమని చీటీ ఉమ్మింది.

"ఇదేంటమ్మా!" వరసలో ముందున్న ముసలాయన అద్దం మీద తట్టాడు. "ఎవడో రాకుండానే వాడికి మందు దొరికింది. మేము తెల్లారిందగ్గర్నుంచీ నిలబడ్డాం!"

"మళ్లీ చెయ్యి" అంది దొక్తొరా.

"మీరే చెయ్యండి."

దొక్తొరా తన వేలితో నొక్కింది. ప్రింటరు మరో చీటీ ఇచ్చింది. ఆమె ఆ చీటీని చింపి చేతిలో పట్టుకుని పెద్ద కౌంటరు దాకా నడిచింది. అక్కడ అదే రోగికి అదే మందు ఎక్కించమంది. తెర మధ్యలో ఎర్ర కిటికీ తెరుచుకుంది.

తిరిగొచ్చేసరికి ఆమె మెడ కూడా ఎర్రబడింది. "ఇది ఎన్నాళ్లుగా?"

"చలికాలం నుంచి. ఫిదేలినా మీకు చెప్పింది."

"చెప్పింది" అంది దొక్తొరా.

"ఇప్పుడు మీ ముందే బాగు చేస్తా. సాయంత్రం దాకా ఆగను. ఇంకో ఎలీహియో వరసలో ఉన్నాడో లేదో మనకు తెలీదు." నిమియా కౌంటరు మనిషి వైపు తిరిగింది. "నేను చెప్పేదాకా ఒక్క మందు కూడా కిటికీని నమ్మి ఇవ్వకు. ప్రతివాడి పాత వివరాలు తెరిచి చదువు. నిదానంగానే చదువు. తిట్టేవాళ్లను తిట్టనీ."

తిట్టారు. సాఫ్ట్‌వేర్ ఆపి మళ్లీ లేపేసరికి ముసలాయన నిమియా పూర్వీకులందరినీ ఊరి భాష గ్వారానీలో వరసగా పలకరించాడు. ఆమె గది మీది గుర్తు తీసేసింది. ముగ్గురు కాపలావాళ్లూ వెనక్కి వచ్చారు. నిల్వ చూసేవాడు నిదానంగానే ఉన్నాడు. లేని రోగికి మందు ఎక్కిస్తే ఎర్ర కిటికీ వచ్చింది.

"ఇదంతా రాసిస్తావా?" అంది దొక్తొరా.

"రాసిస్తా. ఎవరు తీశారో, ప్రదర్శనకు మాత్రం ఎందుకు పెట్టారో, అది కూడా."

"మీ యజమానికి తెలుసా?"

"మీరు చదివాక తెలుస్తుంది."

శుక్రవారం ఫిదేలినా ఇస్త్రీకోటులో వచ్చింది. విచారణ అరగంటలో అయిపోయింది. ఆదేశంలో తప్పు నిరూపణ కాలేదని రాశారు. సోమవారం నుంచి అదే కౌంటరులో పని. ఫిదేలినా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టేసింది.

"నిరూపణ కాలేదంటే ఏంటి దొక్తొరా? నేను తప్పు చేశాను గానీ దొరకలేదనా?"

"అది చట్టం మాట, దోన్యా."

"కిటికీ రాలేదని రాయండి."

"కంపెనీతో ఆ గొడవ వేరే ఉంది. అది తేలేదాకా అలా రాయలేం."

"నేను ఆ మేస్త్రీ భార్య ముందు నుంచి నడిచి పనికి పోవాలి. ఆమెకు ఈ కాగితం చూపిస్తే ఏం అర్థమవుతుంది? 'తప్పించుకుంది' అని. మీకు పక్క మెట్లున్నాయి, నాకు లేవు."

దొక్తొరా కలం పట్టుకుంది. మళ్లీ కింద పెట్టేసింది. కాగితం మారలేదు.

బయటికి వచ్చాక ఫిదేలినా కోటు విప్పి మడత పెట్టుకుంది. నిమియా వార్డుకు పోయింది. ఎలీహియో మంచం పక్కన అతని భార్య కూర్చుని చిపా రొట్టె ముక్క నములుతోంది. సన్నటి మనిషి, కళ్ల కింద నలుపు.

"అమ్మా, నేను ఆ కంప్యూటర్ చేసిన కంపెనీ నుంచి. ఫిదేలినాకు ఆ రోజు హెచ్చరిక రాలేదు. రావాల్సింది. మేము రానివ్వలేదు. తప్పు మాది."

"మాది అంటే ఎవరిది?" అంది ఆమె.

నిమియా ముందురోజు వరండాలో అడిగిన ప్రశ్నే అది. ఇప్పుడు తన దగ్గరికి వచ్చింది. విల్ఫ్రిదో పేరు చెప్పింది, యజమాని పేరు చెప్పింది. తన పేరు కూడా చెప్పింది, ఆ ఒప్పందంలో ఉన్నది తనది కాబట్టి. మేస్త్రీ భార్య మూడు పేర్లూ విని, నమిలే చిపా మింగి, గొంతులో గొట్టమున్న మొగుడి వైపు తిరిగింది. ఉమ్మలేదు.

సోమవారం అవురెలియో నిమియాను గదిలోకి పిలిచాడు. తీసేయలేదు. దొక్తొరా చేతిలో ఆమె సంతకం ఉండగా తీసేస్తే ఎలా కనబడుతుందో అతనికి తెలుసు.

"నిన్ను ఆస్పత్రి పని నుంచి మారుస్తున్నా. శ్మశానం వాళ్లు సాఫ్ట్‌వేర్ అడిగారు, స్థలాలు ఎవరివి ఎక్కడ ఉన్నాయో చూసుకోవడానికి. అది చెయ్యి."

"అక్కడైతే ఎవరికీ అలర్జీ ఉండదులెండి."

"నీ నాలుకే నీకు శత్రువు, నిమియా."

"మధ్యాహ్నం దాకా ఆస్పత్రి కోడ్ నా దగ్గరే ఉంటుందిగా, అప్పజెప్పడానికి?"

"మధ్యాహ్నం దాకా."

పదింటికి ఆమె వరండాలోకి పోయింది. తన కుర్చీ తన చోటే ఉంది, కూర్చుంది. విల్ఫ్రిదో గ్లాసు నింపి ఎడమ నుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ తాగి తిరిగి ఇచ్చారు. నిమియా పక్కామె తాగింది. విల్ఫ్రిదో గ్లాసు నింపి, నిమియా మోకాళ్ల ముందు నుంచి చేయి పోనిచ్చి అటువైపు మనిషికి అందించాడు. తలెత్తలేదు. ఆమె గ్రాసియాస్ అనలేదు. రెండో చుట్టులోనూ అంతే. మూడోది మొదలయ్యేసరికి ఆమె లేచి తన టేబుల్ దగ్గరికి వచ్చింది.

అత్యవసర కౌంటరు గుర్తు ఒక్కటే తీసింది గానీ, అలాంటిది ఇంకెక్కడైనా ఉందేమోనని ఎవరూ చూడలేదు. ఆమె మొత్తం కోడ్‌లో వెతకమని కొట్టింది. తెర కింది నుంచి పైకి గదుల పేర్లు వచ్చి ఆగాయి. కొన్నింటి పక్కన విల్ఫ్రిదో పేరుంది, కొన్నింటి పక్కన ఎప్పుడో మానేసిపోయిన వాళ్ల పేర్లున్నాయి. అన్నింటి పక్కనా కారణం ఒక్కటే, బంతిలో ఒప్పుకున్నాం. మొదటిది చక్కెర రోగులకు ఇన్సులిన్ మోతాదు ఇచ్చే గది.

వరండాలోంచి నవ్వులు వినబడుతున్నాయి. ఆమె ఫోను తీసింది.

"దొక్తొరా, మీరు మళ్లీ మెట్లు దిగాలి."

"ఎందుకు? ఆ కౌంటరు బాగైంది కదా?"

"అది బాగైంది. అలాంటి గుమ్మాలు ఇంకా ఉన్నాయి."

"ఎన్ని?"

"పద్నాలుగు."